మూడో గది

లెమ్మర్ దాటితే నేల సముద్రానికంటే కిందుంటుంది.
పంపులు నాలుగు రోజులు ఆగితే
గొర్రెలు మోకాలి లోతున మేస్తాయి.
ఇక్కడ పుట్టినందుకేమో,
నిలవ నీరు ఎక్కడ కనబడినా నాకు నిద్ర పట్టదు.

హిల్క్యె కుడిచేతిలో నీరు నిలిచి పదకొండేళ్ళు.
రొమ్ములో గడ్డతోబాటు చంకలో బిళ్ళలూ తీసేశారు.
గడ్డ మళ్ళీ రాలేదు.
దారి తప్పిన నీరు మాత్రం
మోచేతి దగ్గర కాపురం పెట్టేసింది.
పెళ్ళి ఉంగరాన్ని ఆస్పత్రిలో చిన్న రంపంతో కోశారు.
"పుష్టిగా ఉన్నావే" అన్నాడట రొట్టెల కొట్లో ఒకాయన.
వాపునీ బలుపునీ పోల్చుకోలేనివాడు
అన్ని దేశాల్లోనూ ఉంటాడు.

నేను చేసింది ఒక తొడుగు.
వేళ్ళ నుంచి భుజం దాకా ఐదు గాలి గదులు,
ఐదు గొట్టాలు, చెప్పుల డబ్బా అంత పంపు.
కింది గది నిండాలి, పట్టు వదలకూడదు,
అప్పుడు దాని పైది, ఆ తర్వాత ఆ పైది,
అన్నీ ఒక్కసారి ఉస్సుమని ఖాళీ అవ్వాలి.
గట్టిగా నొక్కితే పనవుతుందనుకున్నాను మొదట్లో.
చర్మం కింద ఆ కాలవలు ఎంత సన్నమంటే
గదమాయిస్తే మూసుకుపోతాయి.
వేళ్ళ దగ్గర నలభై ఐదు, భుజం దగ్గర పాతిక.
ఆ రెండంకెల మధ్య
నావి రెండు చలికాలాలు కరిగిపోయాయి.

ముందు సిలికాన్ చేతికి తొడిగాను.
పదివేలసార్లు నొక్కాను. అబ్బా అనలేదు.
మధ్యలో కరెంటు తీసేశాను.
గాలంతా బుద్ధిగా బయటికి పోయింది.
సంతకాలయ్యాయి.

ఆ తర్వాత మంగళవారం, హిల్క్యె.
కళ్ళు మూసుకుని కూర్చుంది,
చెవితో కాదు, చేత్తో వింటున్నట్టు.
"మూడోది కరవడం లేదు."
"మీటరు ముప్ఫై ఐదు చూపిస్తోందండీ."
"నీ మీటరుకి చెయ్యి లేదు కదమ్మా వీట్‌స్కె."

నిజమే. నా మీటరు పంపు పక్కన కూర్చుంది.
గది కారుతుంటే పంపు పోస్తూనే ఉంది,
అప్పులవాడు ఇల్లు నడిపినట్టు
పైకి అంతా నిండుగా.

రెండుసార్లు అతికించాను. రెండుసార్లూ విడిపోయింది.
మూడోసారి ఆవిడే తొడుగును ఇంటికి పట్టుకుపోయింది.
నలభై ఏళ్ళు పడవలకి తెరచాపలు కుట్టిన మనిషి.
గాలిని గుడ్డలో ఆపడం
నాకు కాలేజీలో చెప్పారు,
ఆవిడకి తుఫానులు చెప్పాయి.
మర్నాడు బల్లమీద పరిచి, ఎడమచేత్తో
సుద్దముక్క గీత ఒకటి గీసింది:
"అతుకు సరిగ్గా మడతలో పెట్టావు.
మడతలో ఏ కుట్టూ బతకదు. రెండు వేళ్ళు పైకి జరుపు."

జరిపాను. మీటరునీ గదిలోకే మార్చాను.
నిండు గాజు జాడీలో చెయ్యి ముంచి,
పొర్లిన నీళ్ళు తూచాం.
నలభై నిమిషాలు పంపు ఆడించి మళ్ళీ ముంచాం.
అరవై రెండు గ్రాములు తక్కువ పొర్లాయి.
నేను గంతేశాను. ఆవిడ గంతెయ్యలేదు.
తెల్లారి మళ్ళీ తూస్తే
అందులో సగానికి పైగా తిరిగొచ్చేశాయి.

తల వంచుకుని వైర్లు చుడుతున్నాను.
"ఏడుపెందుకు? మన కాలవ గట్టున పంపుని
నయమైందా అని ఎవరైనా అడిగారా?
రోజూ ఆడుతోందా అని అడుగుతారు, అంతే."

ఆరు వారాలకి కాగితం తిరిగొచ్చింది.
నొప్పి: లేదు. మంట: లేదు.
సూదిలో దారం ఎక్కించగలరా అన్న చోట
ఏమీ రాయలేదు,
ఎర్ర దారం ఒకటి కాగితానికే కుట్టి పంపింది, వంకరగా.
కింద, ఇతర విషయాలు అన్న గడిలో:
మూడో గది బాగుంది.
చప్పుడు తగ్గించు.
పిల్లి మంచం కిందనించి రావడం లేదు.